కడపిల్ల ఇల్లు చేరేదాకా

నా చిన్నప్పటి డ్రిల్ టీచర్ పోయారన్న కబురు నాకు బడి విడిచే వేళకు తెలిసింది. గేటు దగ్గర పిల్లల్ని వీధుల వారీగా వరసల్లో నిలబెడుతున్నాను. కాలువ గట్టు వీధి వరసలో ఒక చిన్నపిల్ల చెప్పు తెగి ఫుట్‌పాత్ మీద చతికిలబడింది. ఆ చెప్పుకి పిన్నీసు గుచ్చుతూనే ఫోను ఎత్తాను. అవతల ఆవిడ చెల్లెలు.

"అక్క పొయ్యింది పాపా," అంది. గొంతులో ఏడుపు లేదు, అలుపు ఉంది. "ఇప్పుడే. నువ్వు పిల్లోళ్ళని పంపించేసి రా."

పిల్లల్ని పంపించేసే వెళ్ళాను. వరసలు నడివీధిలో వదిలేసి వచ్చానంటే ఆవిడ మంచం మీద నుంచి లేచి మరీ తిట్టేవారు. కానీ ఆ రోజు ఒక్కొక్క గడప దగ్గర ఆగుతుంటే నాకు ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. పిల్లల మీద కాదు, వీధుల మీద. పుదుచ్చేరిలో వీధులన్నీ గీత గీసినట్టు ఉంటాయంటారు. ఆ సాయంత్రం మాత్రం ఎంత నడిచినా తరగలేదు.

ఆవిడ పేరు ఇక్కడ రాయడం లేదు. బడిలో ఎవరూ ఆవిడని పేరుతో పిలిచినవాళ్ళు కాదు. ఆవిడా మమ్మల్ని పేర్లతో పిలిచేవారు కాదు. మేము వీధులం. "చెట్టి వీధి, ఇట్ల దా." "మార్కెట్ వీధి మూలిల్లు, నీ జడేంది అట్లుండాది?" నాతో చదువుకున్న ఒకామె ఇప్పుడు బ్యాంకులో పెద్ద ఆఫీసరు. కూతురి పెళ్ళికి పిలవడానికి కారు దిగి వెళ్తే, టీచర్ ఆమెని పైనుంచి కిందికి చూసి, "మార్కెట్ వీధి మూలిల్లు గదా నువ్వు? అప్పుడూ వరసలో ఎనకే ఉండేదానివి," అన్నారట. ఆమె ఇప్పటికీ ఆ మాట చెప్పి మురిసిపోతుంది.

ఆవిడది తరాల కిందట ఇక్కడికి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబం. తెలుగు ఇంట్లో మాట్లాడటమే, చదవడం రాదు. ఇప్పుడు నేను రాస్తున్న ఈ నాలుగు మాటలూ బతికుంటే నేనే చదివి వినిపించాల్సి వచ్చేది. సగంలో "చాల్లే, టీ పెడతా," అని లేచిపోయేవారు కూడా. పొగడ్త ఆవిడ ఒంటికి పడేది కాదు.

నాకు ఆవిడ మొదటిసారి కనిపించింది నేను ఏడుస్తుండగా. మా నాన్నకి ఇక్కడి ఆఫీసుకి బదిలీ అయి యానాం నుంచి వచ్చాం. నాకు ఒక్క ముక్క తమిళం రాదు. బాలికల బడిలో మొదటి రోజు. సాయంత్రం బెల్లు కొట్టగానే పిల్లలంతా తలో వరసలో నిలబడిపోయారు, నేను ఏ వరసలో నిలబడాలో తెలియలేదు. నూలు చీర కింద తెల్ల కాన్వాసు బూట్లు వేసుకున్న ఒకావిడ వచ్చి తమిళంలో ఏదో అడిగారు. నేను "మా అమ్మ రాలేదండీ," అని బావురుమన్నాను.

ఆవిడ మొహం ఒక్కసారిగా మారిపోయింది. "ఏంది పాపా, తెలుగా నువ్వు? ఏమిటికి ఏడస్తా ఉండావు? మీ ఇల్లు యాడ?"

యాడో నాకేం తెలుసు? ఎర్ర తలుపు, ఎదురుగా సైకిలు అంగడి అని మాత్రం చెప్పాను. "అది మా వీధే గదా," అని నన్ను తన వీధి వరసలో చివర నిలబెట్టారు. అక్కడ చివర నిలబడ్డ పిల్లని కడపిల్ల అనేవారు. ఆ వరసకి నేను చాలా ఏళ్ళు కడపిల్లగానే ఉన్నాను.

మా బడికి అదే ప్రత్యేకం. చదువులో మాకంటే గొప్ప బడులు ఊళ్ళో చాలా ఉండేవి. కానీ సాయంత్రం మేము తరగతుల వారీగా కాదు, వీధుల వారీగా కదిలేవాళ్ళం. ప్రతి వీధికీ ఒక పెద్దపిల్ల ముందు నడిచేది, ఆమె వీధి అక్క. ఒక్కొక్క ఇంటి ముందూ వరస ఆగాలి. ఆ ఇంటి పిల్ల గడప దాటి, వెనక్కి తిరిగి, చెయ్యెత్తి చూపించాలి. ఆ చెయ్యి కనిపించేదాకా వరస కదలకూడదు. వాన పడినా, ఆకలేసినా అంతే. ఒకసారి చెట్టి వీధి పిల్ల లోపలికి పోయి పకోడీలు కనబడగానే చెయ్యి సంగతి మరిచిపోయింది. వరసంతా ఎండలో నిలబడే ఉంది. చివరికి వాళ్ళమ్మ బయటికి వచ్చి "ఏమైంది?" అని కంగారు పడితే, ఆ పిల్ల నోటి నిండా పకోడీతో వచ్చి చెయ్యెత్తింది.

"బెల్లు కొడితే బడి అయిపోలా," అనేవారు టీచర్. "కడపిల్ల ఇల్లు చేరినాకనే బడి అయిపొయ్యేది."

డ్రిల్ టీచర్ అయ్యుండీ ఆవిడకి ఈల అంటే గిట్టదు. "ఆడబిడ్డల్ని ఈలేసి పిలవొచ్చునా?" అని రెండు చేతులూ కలిపి చప్పట్లు చరిచేవారు. ఆ చప్పుడుకి మైదానమంతా సర్దుకునేది.

మా వీధి వరసతో ఆవిడే నడిచేవారు, ఇల్లు అదే వీధి చివర కాబట్టి. నన్ను దింపాక ఆవిడ ఒక్కరే ముందుకు పోయేవారు. ఒకరోజు నేను గడప దాటి, చెయ్యి చూపించి, మళ్ళీ బయటికి వచ్చి అడిగాను. "మీరు ఇంటికి చేరారని మాకెలా తెలుస్తుందండీ?"

"నీ తెలుగులో అన్నీ అండీలే," అని నవ్వారు. ఆ సాయంత్రం తన ఇంటి ముందు తిన్నె మెట్టెక్కి, వెనక్కి తిరిగి, వీధి ఆ చివర నుంచి చెయ్యెత్తారు. ఆ తర్వాత రోజూ ఎత్తారు. నేను అది చూశాకే లోపలికి పోయేదాన్ని.

నేను పెద్దయి, లెక్కల టీచరునై, తిప్పలు పడి అదే బడికి ఉద్యోగానికి వచ్చాను. అప్పటికి పిల్లలు తగ్గిపోతున్నారు. ప్రైవేటు బడుల పసుపు వ్యాన్లు మా వీధుల్లోకే వచ్చి పిల్లల్ని ఎక్కించుకుపోయేవి. టీచర్‌కి సర్వీసు ఇక ఒక్క ఏడాది ఉందనగా, మా బడిని కాలువ అవతల మగపిల్లల బడిలో కలిపేస్తున్నట్టు ఆర్డరు వచ్చింది. బెంచీలు బండికెక్కాయి. పేరు పలక దించుతుంటే కొందరం ఏడ్చాం. ఆవిడ మాత్రం ఏడవలేదు. గోడ మీద పలక ఉన్నచోట మిగిలిన తెల్లటి మచ్చని కాసేపు చూసి, "మన పిల్లోళ్ళు ఎంతమంది వొస్తారో చూడాల," అన్నారు.

ఆవిడ భయం నిజమే అయింది. మగపిల్లల బడికి, అదీ కాలువ దాటి, ఈడొచ్చిన పిల్లని పంపేది లేదని చాలా ఇళ్ళలో తలుపులు మూసేశారు. చెట్టి వీధిలో పూలమ్మే ఆవిడ కూతురు సెల్వి అప్పుడు ఎనిమిది పూర్తి చేసింది, వీధి అక్క అయ్యే వంతు. వాళ్ళమ్మ మూర కొలుస్తూ తలెత్తకుండా చెప్పింది. "చదివింది చాలు టీచర్. తట్టాంచావడిలో అట్టపెట్టెల కంపెనీలో పనుంది. ఆడోళ్ళే ఉంటారు ఆడ."

టీచర్ గట్టు మీద ఆమె పక్కనే కూర్చున్నారు. వాదించలేదు. పూలబుట్టలోంచి దారం తీసుకుని మల్లెలు కట్టడం మొదలుపెట్టారు. కట్టడం సరిగ్గా రాదు, పూలన్నీ తలకిందులు. కాసేపటికి ఆ తల్లే విసుక్కుని దారం లాక్కుంది. "ఏం చెయ్యమంటారు టీచర్ నన్ను?"

"ఏమీ చెయ్యొద్దు. నీ బిడ్డని నీ గడప కాడ నేను దింపుతా. దినమూ. అది లోపలికొచ్చి చెయ్యి చూపిస్తేనే నేను పోతా. ఒక్కదినం దింపకపోతే, మర్నాడు కంపెనీకి పంపించుకో."

అలా ఆ వేసవంతా గడప గడపకీ తిరిగారు. అందరూ ఒప్పుకోలేదు. ఒప్పుకున్నవాళ్ళు ఆవిడని చూసి ఒప్పుకున్నారు, బడిని చూసి కాదు. ఆ మాట పట్టుకునే ఆవిడ, ఏడాది తిరక్కుండా రిటైరయ్యాక కూడా, రోజూ బడి విడిచే వేళకి కాన్వాసు బూట్లు వేసుకుని గేటు దగ్గర తయారు. హెడ్మాస్టరుగారికి అది నచ్చలేదు. "ఇది ఇప్పుడు అందరి బడి అమ్మా. ఆ బడి పద్ధతులు ఆ బడితోనే పోవాలి," అన్నారు. ఆయన చెడ్డవాడు కాదు, బయటి మనిషి రోజూ గేటులో నిలబడటం ఆయనకి ఇబ్బంది. టీచర్ రెండడుగులు వెనక్కి వేసి రోడ్డు మీద నిలబడ్డారు. "లోపల మీ ఇష్టం సార్. రోడ్డు అందరిదీ గదా," అన్నారు, నమస్కారం పెట్టి మరీ.

మగపిల్లలు వరసల్ని చూసి రైలుకూత కూసేవాళ్ళు. నాకు ఒళ్ళు మండేది. ఆవిడ వాళ్ళనీ పిలిచారు. "రైలేగదా, మీ ఇండ్లు కూడా దావలోనే ఉండాయి, ఎక్కండి." ముందు వానరోజుల్లో, గొడుగు లేని చిన్నవాళ్ళు ఎక్కారు. తర్వాత మామూలు రోజుల్లో కూడా. నాకు అదీ నచ్చలేదు. "ఇది మన ఆడపిల్లల పద్ధతి టీచర్, మిగిలిందల్లా ఇదొక్కటే. ఇది కూడా వాళ్ళకి ఇచ్చెయ్యాలా?" అన్నాను.

"ఇచ్చేస్తే తగ్గిపోతాదా? వాళ్ళు మాత్రం ఇల్లు చేరొద్దా?" అన్నారు. ఇప్పుడు కాలువ గట్టు వీధి వరసకి ముందు నడిచేది ఒక మగపిల్లవాడు. వాడికి అందరి గడపలూ తెలుసు.

ఇంట్లో మాత్రం ఆవిడ చెల్లెలు ఈ వ్యవహారాన్ని ఏనాడూ మెచ్చలేదు. భర్త పోయాక అక్క దగ్గరికి వచ్చేసిన మనిషి. మధ్యాహ్నం అన్నం వడ్డిస్తూ గొణిగేది. "జీతం లేదు, నీడ లేదు. ఊరి పిల్లోళ్ళంతా కావాల మా అక్కకి. ఇంట్లో ఒకతి ఉండాది అనే గ్యానం లేదు." టీచర్ వినీ విననట్టు మజ్జిగ పోసుకునేవారు.

తర్వాత మోకాళ్ళు మొరాయించాయి. చప్పట్లు నా చేతికి వచ్చాయి. ఆవిడ తిన్నె మీద కుర్చీ వేసుకుని కూర్చునేవారు. మలుపు అవతలి సందు పిల్లలు కూడా చేరిన మా వీధి వరస అక్కడికి వచ్చి ఆగేది, పిల్లలంతా చెయ్యెత్తేవాళ్ళు, ఆవిడ తిరిగి చెయ్యెత్తాకే వరస కదిలేది. ఆవిడా ఒక కడపిల్లే అయిపోయారు. తిన్నె మీద కుర్చీ ఖాళీ అయిన రోజుల్లో పిల్లలు ఆ కుర్చీకే చెయ్యెత్తి, నా చప్పట్లకి కదిలేవాళ్ళు. ఆస్పత్రికి వెళ్తే నా ఆరోగ్యం, నా ఇంటి సంగతులు ఏమీ అడిగేవారు కాదు. "వరస పొయ్యిందా ఇయ్యాల?" అదొక్కటే. ఆవిడ పోయిన రోజు మధ్యాహ్నం సెలవు పెట్టి అక్కడే మంచం పక్కన కూర్చున్నాను. కళ్ళు మూసుకునే ఉన్నారు. ఉన్నట్టుండి, "టైమైంది. గేటు కాడికి పో," అన్నారు. పోనన్నాను. "పో," అన్నారు మళ్ళీ. ఆ కోపం నాకు తెలిసిన కోపమే కాబట్టి లేచి వచ్చేశాను. ఆ చివరి ఘడియలో పక్కన లేకపోయానన్న బాధ నాకు ఉంది, ఉంటుంది.

మర్నాడు పొద్దున ఆ వీధంతా ఆడవాళ్ళే. సెల్వి సేదరపేట్‌లో ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు, నైట్ షిఫ్టు దిగి మెడలో కార్డుతోనే వచ్చింది. కిరుమాంబాక్కం నుంచి ఒకామె చంకలో బిడ్డతో బస్సు దిగి పరుగెత్తుకొచ్చింది. శవాన్ని ఎత్తే వేళకి, ఎవరూ చెప్పకుండానే, మేమంతా వరసల్లో నిలబడిపోయాం. ఇప్పుడు ఉంటున్న ఊళ్ళ ప్రకారం కాదు, చిన్నప్పటి వీధుల ప్రకారం. బ్యాంకు ఆఫీసరు మార్కెట్ వీధి వరసలో వెనకే నిలబడింది. చుట్టం ఎవరో "మీరు ఏ సంఘం వాళ్ళమ్మా?" అని అడిగితే, సెల్వి కళ్ళు తుడుచుకుంటూ, "చెట్టి వీధి అయ్యా," అంది.

మా వైపు ఆడవాళ్ళు వీధి చివరిదాకానే వెళ్తారు. అక్కడ ఆగాం. బండి మలుపు తిరిగింది. ఆగి చూడటం మాకు అలవాటు. ఆగి చూశాం. ఏ చెయ్యీ లేవలేదు.

బడికి సెలవు ఇవ్వలేదు. నేను అడగనూ లేదు. సాయంత్రం చప్పట్లు కొట్టాను, వరసలు కదిలాయి. మా వీధిలో ఒక్కొక్కరినీ దింపుకుంటూ ఆ ఇంటి ముందుకి వచ్చాం. ఆపాలనుకోలేదు. పిల్లలు అలవాటుగా వాళ్ళే ఆగారు. కడిగిన తిన్నె ఇంకా తడి ఆరలేదు. కుర్చీ గోడవైపుకి తిప్పి ఉంది. పిల్లలు చెయ్యెత్తారు. ఎత్తిన చేతులు ఎప్పుడు దించాలో వాళ్ళకి తెలియలేదు, నాకూ తెలియలేదు. కదలండి అని చప్పట్లు కొట్టాలి. నా చేతులు కలవలేదు. ఇక ఇంతేనేమో అనుకున్నాను. ఆ బడిలో మిగిలింది ఇదొక్కటే, ఇది ఈ గుమ్మం ముందే ఆగిపోతుందేమో అనుకున్నాను.

లోపల బకెట్టు కింద పెట్టిన చప్పుడైంది. ఆవిడ చెల్లెలు గుమ్మంలోకి వచ్చింది. ఇల్లు కడుగుతూ కొంగు నడుముకి దోపుకుని ఉంది, కళ్ళు వాచి ఉన్నాయి. పిల్లల వైపు, లేచి ఉన్న ఆ చేతుల వైపు కాసేపు చూసింది.

తర్వాత గడప మీద నిలబడి చెయ్యెత్తింది. మోచేతి నుంచి నీళ్ళు కారుతున్నాయి. వరస కదిలి, మలుపు తిరిగేదాకా ఆ చెయ్యి దించలేదు.