పోస్టరు మీద చావని మొగుడు

కార్తహేనాలో మా నాటకశాల గుమ్మానికి అంటించే పోస్టరులో అట్టడుగు వరుసను ఎవరూ చదివేవారు కారు. పైన నాయిక పేరు నా అరచెయ్యంత అక్షరాల్లో ఉండేది. దాని కింద హెచ్చుస్థాయిలో పాడే మగ గాయకుడు, అంటే టెనరు, ఆ కింద మిగతా పాత్రధారులు. కోరస్‌లో పాడే మాకు పేర్లు లేవు, "ఇరవై మంది" అని లెక్క మాత్రం ఉండేది. అన్నిటికీ కింద చీమ తలకాయంత అక్షరాల్లో "మాట అందించువారు: లియాండ్రో కెసాద" అని ఉండేది. ఆ చీమ తలకాయల కోసం ఒక మనిషి ఎంత మొండికేయగలదో నేను కళ్లారా చూశాను. నా గొంతు అంతంత మాత్రమే గానీ కళ్లు మాత్రం భేషుగ్గా పనిచేసేవి.

అసలు సంగతేమిటంటే, ఆ పోస్టరు ఏడేళ్లుగా అబద్ధం చెబుతోంది. లియాండ్రోకి చూపు పోయింది. అప్పటినుంచి గూట్లో కూచుని మాట అందిస్తున్నది అతని భార్య బసిలిస. స్టేజీ ముందు అంచున నేలకి కన్నం చేసి, మీద చెక్క డొప్ప బోర్లిస్తారు, అదీ గూడంటే. జనానికి డొప్ప వీపే కనబడుతుంది. లోపల ఉన్నది మగో ఆడో వాళ్లకేం తెలుసు? మాకు మాత్రం బసిలిస మొహం, కొవ్వొత్తి, సూది గుచ్చుకోకుండా ఆమె వేలికి తొడుక్కున్న ఇత్తడి అంగుస్తానా కనబడేవి. పెళ్లికి ముందు ఆమె బట్టలు కుట్టి బతికింది. ఆ అంగుస్తానాతో చెక్క మీద టిక్కుమనిపించి, సరిగ్గా సమయానికి మాట వదిలేది.

మేం పాఠం కంఠతా పట్టేవాళ్లం కాదు. వారానికి మూడు ఆటలు మార్చే కంపెనీలో ఎవడు పట్టగలడు? గూట్లోంచి ఏ మాట వస్తే అదే మా నోట్లోంచి వచ్చేది. ఊరూరా అన్ని కంపెనీలదీ ఇదే తంతు. కాదన్నవాడు కోతలు కోస్తున్నట్టే.

పద్దెనిమిది వందల అరవై ఆరో సంవత్సరం చలికాలంలో మా చేతికి "గడియారాలవాడి పెళ్లాం" వచ్చింది. పారిస్ సరుకు. మాద్రిదు కవి ఒకాయన దాన్ని మన స్పానిష్ భాషలోకి దించి, కథను తొలేదో ఊరికి మార్చి, డ్యూకుకి మీసాలు పెట్టాడు. పాటల వరస మాత్రం ఫ్రెంచివాళ్లదే. వాళ్ల మాటలు పొట్టివి, మనవి పొడుగు. చిన్నవాడి చొక్కాలో పెద్దవాణ్ని దూర్చినట్టు దూర్చాడు మహానుభావుడు. రెండో అంకంలో గడియారాలవాడి పెళ్లాం కోసం వచ్చిన డ్యూకు, మొగుడికి భయపడి నిలువెత్తు గడియారంలో దాక్కుంటాడు. అది పన్నెండు కొడుతుంది. గంటకీ గంటకీ మధ్య డ్యూకు ఒక ముక్క, పెళ్లాం ఒక ముక్క, మొగుడు ఒక ముక్క, చివర మేమూ పాడాలి. ముందు గంట మోత చల్లారకముందే మాట ఎత్తుకోకపోతే తర్వాతి గంట దాన్ని మింగేస్తుంది.

ఆ చిక్కు విప్పినవాడు లియాండ్రో. ఒకరోజు ఉడికించిన చిక్కుడు గింజలు పట్టుకుని వాళ్లింటికెళితే చూశాను. ఆయన మంచంలో పడుకుని కడుపు మీద కుండమూత పెట్టుకుని, చెంచాతో పన్నెండు గంటలు కొడుతున్నాడు. ఆమె చదువుతోంది.

"ముందు ఎత్తుకో, ఇంకా ముందు. గంట నీకోసం ఆగదే, బసిలిసా!"

"ఆగకపోతే తోసుకుని పోతాలే. నువ్వు మూత పగలగొట్టకు, రేపు వండాలి."

ఇద్దరూ నవ్వుకున్నారు. ఎక్కడ ఎత్తుకోవాలో ఆ గుర్తులేవీ పుస్తకంలో రాసుకోలేదు. ఆయన చెంచాలోంచి ఆమె బుర్రలోకి వెళ్లాయి.

ఈస్టరు ముందరి నలభై రోజుల ఉపవాసాలకి నాటకశాలలు మూతపడ్డాయి. రెండో వారంలో లియాండ్రో పోయాడు. బసిలిస ఏడవలేదు. సమాధి దగ్గరా ఏడవలేదు, ఇంటికొచ్చీ ఏడవలేదు. కోరస్‌లో నాతోటి ఆడవాళ్లు కొందరు చెవులు కొరుక్కున్నారు కూడా.

ఈస్టరుతో మాకు కొత్త ఏడాది. కంపెనీ జాబితా కొత్తగా అచ్చవుతుంది. అది చూసుకుని బసిలిస మా యజమాని డాన్ తోర్క్వాతో గారి దగ్గరికి వెళ్లింది. కోరస్ బూట్లు చిరిగాయని చెప్పడానికి నేనూ అక్కడే నిలబడి ఉన్నాను.

"అయ్యా, మా ఆయన పోయి మూడు వారాలైంది. మీ పోస్టరు మీద ఇంకా డ్యూటీ చేస్తున్నాడు."

"తెలుసమ్మా. జనం ఆ పేరుకి అలవాటుపడ్డారు."

"ఆ వరుస జనం చదవరని మీరే కదా అన్నది?"

"అందుకే చెబుతున్నా. ఎవరూ చదవనిదానికి నీకెందుకు గొడవ?"

"ఎవరూ చదవనిదానికి మీకెందుకు పట్టుదల?"

ఆయన మీసం సవరించుకున్నాడు. "చూడు బసిలిసా, ఆడమనిషి గూట్లో ఉందని తెలిస్తే పక్కూరి ముర్సియా కంపెనీవాళ్లు పగలబడి నవ్వుతారు. తోర్క్వాతో కంపెనీ టెనరుకి దర్జీది మాటలు నేర్పుతోందంటారు."

"నవ్వనివ్వండి. మనది నవ్వించే ఆటేగా!"

"నీ పని నువ్వు చేసుకో, కాదనను. పేరు మాత్రం లియాండ్రోది. వాడు బతికున్నట్టే ఉంటుంది, నీకూ కాస్త ఊరట."

అంతవరకూ ఆమె గొంతు లేవలేదు. అప్పుడు లేచింది.

"ఊరటా? కళ్లు లేని మనిషికి పేరైనా మిగలాలని ఏడేళ్లు ఆయన పేరు కింద కూచున్నా. అది నా ఇష్టం. ఇప్పుడు ఆయన్ని గుమ్మానికి మేకేసి కొట్టి, ఆ కింద కూచోమంటారా? బసిలిస ఆర్సె అని, పుట్టింటి పేరుతో నా పేరు వెయ్యండి, వస్తా. లేదూ, ఆ గూట్లో పిల్లిని పెట్టుకోండి."

"మాద్రిదు నుంచి మనిషిని తెప్పిస్తా!"

"తెప్పించండి. గంటలు లెక్కపెట్టడం వచ్చో రాదో అడిగి మరీ తెప్పించండి."

బయటికొచ్చాక, "అక్కా, మరి తిండెట్లా?" అన్నాను. "సూది ఉంది, దారం ఉంది. నువ్వెళ్లి నీ బూట్ల సంగతి చూసుకో, ఒలయా" అంది.

మాద్రిదు మనిషి ఒల్మేదో ఈస్టరుకి ముందురోజు, పవిత్ర శనివారం నాడు దిగాడు. మెత్తటి గొంతు, తెల్లటి చేతులు. పియానోతో వేసిన రిహార్సల్ బాగానే సాగింది, పియానో ఆయన కోసం ఆగేది కాబట్టి. అప్పటికే పోస్టర్లు అచ్చయిపోయాయి, ఊరంతా లియాండ్రో పేరే ఉంది. అది తనది కాదని ఒల్మేదో కూడా బాధపడలేదు.

ఈస్టరు ఆదివారం మధ్యాహ్నం నాలుగింటికి ఆట. మా నాటకశాల పై అంతస్తులో ఆడవాళ్లకి మాత్రమే కేటాయించిన గ్యాలరీ ఉంది. కిక్కిరిసి ఉడికిపోతారని దాన్ని మూకుడు అంటారు. మగవాడు అడుగు పెట్టకూడదు. తలుపు దగ్గర తెక్ల అనే భారీ మనిషి కాపలా. స్టేజీ మీంచి తల ఎత్తితే ఆ మూకుట్లో, ముందు వరుసలో, నల్లబట్టల్లో బసిలిస. టికెట్టు కొనుక్కుని వచ్చింది. ఒళ్లో విసనకర్ర మూసి పెట్టుకుంది.

మొదటి అంకం ఎలాగో గడిచింది. రెండో అంకంలో డ్యూకు గడియారంలో దూరాడు. వాద్యబృందం మొదటి గంట కొట్టింది. ఒల్మేదో మాట వదిలేలోపు రెండో గంట కొట్టింది. డ్యూకు వేషంలో ఉన్న టెనరు గాస్పర్ గడియారంలోంచి మెడ చాపి గూట్లోకి చూస్తున్నాడు, పిట్టపిల్ల తల్లి కోసం చూసినట్టు. మూడో గంట. ఒల్మేదో పేజీ తిప్పాడు, చెమటలు కక్కాడు, కంటికి ఏ వరుస కనబడితే అది పెద్దగా చదివాడు. మేం అలవాటు కొద్దీ అందుకున్నాం. ఇరవై మందిమీ ముక్తకంఠంతో, చేతులు గుండెల మీద పెట్టుకుని పాడాం: "ఇచ్చట కోరస్ కుడిపక్కకు తప్పుకొనును!"

అది పుస్తకంలో మాకిచ్చిన సూచన. దాన్ని నేనూ పాడాను, అదీ పైస్థాయిలో.

హాలు హాలంతా విరగబడి నవ్వింది, తర్వాత కాళ్లతో నేల దంచడం మొదలైంది. నారింజ తొక్క ఒకటి వచ్చి మొగుడి టోపీకి తగిలింది. డాన్ తోర్క్వాతో పక్క తెర చాటునుంచి మూకుడు వైపు చూసి రెండు చేతులూ జోడించాడు. బసిలిస విసనకర్ర విప్పి, నెమ్మదిగా విసురుకుంది. తెర దించేశారు.

తర్వాత జరిగింది నేను చూశాను, తెర పడగానే మూకుడు మెట్లెక్కుతున్న డాన్ తోర్క్వాతో వెనకే పరిగెత్తాను కాబట్టి. మూకుడు తలుపు దగ్గర తెక్ల అడ్డంగా నిలబడింది.

"మగాళ్లు రాకూడదు."

"ఈ నాటకశాల నాది!"

"మూకుడు నాది. అక్కణ్నుంచే అరవండి."

రెండొందల మంది ఆడవాళ్ల ఎదుట గడప అవతల నిలబడి అరవాల్సి వచ్చింది పాపం. "బసిలిసా! రేపు వేయిస్తా, ఒట్టు!"

"రేపు మీరు మరిచిపోతారు. ఇవాళ."

"ఇవాళ అచ్చు ఎక్కడ దొరుకుతుందమ్మా?"

"గుమ్మం దగ్గరి పోస్టరు పట్రండి. డ్యూకు మీసాలు దిద్దే మసి ఉందిగా. మీ చేత్తో రాయండి."

మూకుడంతా "రాయండి!" అని అందుకుంది. నేను కిందికెళ్లి మీసాల మసి చేత్తో తీసుకుని, పోస్టరు ఊడదీసుకొచ్చాను. గుమ్మం పనివాడు ఆపబోతే ఆ మసిచేత్తోనే అతణ్ని పక్కకి నెట్టాను, ఎందుకో ఆ రోజు ఎవరన్నా భయం లేదు. డాన్ తోర్క్వాతో పోస్టరుని గోడకానించి, లియాండ్రో పేరు కొట్టెయ్యబోయాడు.

"కొట్టెయ్యకండి" అంది బసిలిస. "ఆ పక్కన 'స్వర్గస్థులు' అని రాయండి. దాని కింద నా పేరు."

ఆయన రాశాడు. కాగితం ఆడవాళ్ల తలల మీదుగా చేతులు మారుతూ ఆమె దగ్గరికి వచ్చింది. చదువొచ్చినవాళ్లు రానివాళ్లకి చదివి వినిపించారు. బసిలిస రెండు వరుసలూ చూసుకుంది, మడత పెట్టలేదు, తెక్లకిచ్చి గుమ్మానికి అంటించమంది.

గూట్లోకి దారి స్టేజీ కిందనుంచి. ఏడేళ్లు ఆ చీకట్లోంచే వెళ్లింది. ఆవేళ అటు వెళ్లలేదు. తెర ముందుకి, దీపాల వెలుగులోకి వచ్చి, హాలు మొత్తం చూస్తుండగా నడుచుకుంటూ వెళ్లి, పావడా ఎత్తిపట్టుకుని, స్టేజీ మీంచే గూట్లోకి దిగింది. ఒల్మేదో స్టేజీ కింది దారిన పాక్కుంటూ పోయాడు.

తెర లేచింది. అంగుస్తానా టిక్కుమంది. మొదటి గంట మోగుతుండగానే మాట వచ్చింది, రెండోది, మూడోది, చొక్కా సరిపోయింది. డొప్ప ఇవతల ఉన్న మాకు మాత్రమే ఆమె మొహం కనబడుతోంది. నెల రోజులుగా ఒక్క చుక్క రాల్చని మనిషి, కళ్లు తుడుచుకోకుండా, ముక్కు ఎగబీల్చకుండా ఏడుస్తోంది. పుస్తకం తడిసిపోయింది. ఆమెకి పుస్తకంతో పనేముంది? పన్నెండు గంటలూ కొట్టేదాకా ఏడ్చింది, ఒక్క మాటా ఆలస్యం కాలేదు.