మంచం కింద మా అత్త

కూర్చో అమ్మణ్ణీ, గమ్మున కూర్చుని సరిగ్గా విను, సగం విని మిగతా సగం నువ్వు కల్పించి రాస్తే నేనొప్పుకోను.

నా మణికట్టుకి ఈ ప్లాస్టిక్ పట్టీ ఉండాది చూడు, మొన్న నెల్లూరు ఆస్పత్రిలో కట్టినారు. మాత్రిచ్చే పిల్లొచ్చినా, సూదేసే పిల్లొచ్చినా ముందు నా పేరడిగేది, ఆనక పట్టీ చూసేది. పొద్దున చెప్పిన పేరు మాపిటికి మారిపోద్దా అని నేను విసుక్కున్నా మళ్ళా అడిగేదే. మీ అమ్మకి అదంతా చాదస్తం. నాకు మాత్రం మా అత్త గుర్తొచ్చింది.

నేను కాపరానికొచ్చిన కొత్తల్లో మా అత్తకి ఊపిరితిత్తుల జ్వరమొస్తే, పడవలో ఇవతలి గట్టుకి తెచ్చి, బస్సెక్కించి పెద్దాస్పత్రిలో చేర్చినాం. ఏ ఊరిదో వద్దులే. ఆడ ఇనప మంచాలు, ఇంతెత్తున ఉండేవి. చేపలు పట్టే మనోళ్ళు ఊగే పడవలోనైనా నిద్రపోతారు గానీ మంచమెక్కితే కళ్ళు తిరుగుతాయంటారు. అందుకని జబ్బు మనిషి మంచం కింద చాపేసుకునేది, తోడొచ్చిన మనిషి మంచమెక్కేది, ఖాళీగా ఉంటే ఇంకొకరికి ఇచ్చేస్తారని భయం. మా అత్త కూడా నన్ను పైకెక్కమనింది. కొత్తకోడలు పైన, అత్త కింద, మా ఆడబిడ్డ చూసి వీధంతా చెప్పి నవ్వింది.

ఆ ఆస్పత్రిలో మంచం మీంచి ఎంతమంది పడినారో లెక్క కట్టేవాళ్ళు. మా వార్డుకెప్పుడూ సున్నానే, పైనుంచొచ్చే ఆఫీసరు దాన్నే మెచ్చుకునేవాడంట.

ఒకనాడు పొద్దున కొత్త నర్సమ్మ వచ్చి, మంచం నెంబరు చూసి నాకు సూదేసి పోయింది. తోడొచ్చినోళ్ళకి కూడా జబ్బంటకుండా వేస్తారేమో అనుకున్నా, కోడలుపిల్లని, నోరెత్తి అడిగేదెట్టా. సాయంత్రానికి మా అత్తకి ఎగశ్వాస. మీ తాత తలుపుకాడికి పోయి కేకలేసినాడు. పెద్ద సిస్టరమ్మ పరిగెత్తుకొచ్చి, పొద్దున సూది పడిందా అనడిగితే నేను వాచిన జబ్బ చూపించినా. ఆమె మంచం కింద దూరి, సూదేసి, మా అత్త పక్కనే కూర్చుండిపోయింది. ప్రాణం మీదికొచ్చి తప్పింది.

మేమింకా ఆడుండగానే ఆఫీసరొచ్చి, మళ్ళా సున్నా అని సంబరపడినాడు.

“పడేదానికి రోగులు మంచం మీదుంటే గదా సార్. ఒకరి సూది ఇంకొకరికి పడింది, అది రాసుకోండి,” అనింది పెద్ద సిస్టరమ్మ.

వార్డుకి పేరు చెడిపోద్దమ్మా అని ఆయన మెల్లిగా నచ్చజెప్పినాడు. చెడిపోనీయండి అనింది. చెడింది కూడా, మెప్పు పక్క వార్డుకి పోయింది. ఈమె మాత్రం మంచాల కాళ్ళు పొట్టిగా కోయించి, పేరడక్కుండా ఎవరికీ మందియ్యనీలేదు. మా అత్త ఇంటికొచ్చినాక కూడా, కిరసనాయిలు పోసేవాడొచ్చినా ముందు తన పేరు చెప్పుకునేది.

నన్ను పేరు పెట్టి పిలిచేవోళ్ళు ఒక్కొక్కరే పోయినారు అమ్మణ్ణీ. ఇంట్లో ఇప్పుడు నేను అవ్వ, అమ్మ, అత్త, అంతే. ఇన్నేళ్ళకి ఆ నెల్లూరు ఆస్పత్రి పిల్లలే నా పేరడిగినారు, వాళ్ళ మీద విసుక్కున్నా. ఇదిగో, అత్తా, అన్నానికి రా, పులుసు చల్లారిపోతుందని మీ అమ్మ కేకేస్తంది, ఆ, వస్తన్నా, ఈ పట్టీ మాత్రం కత్తిరించొద్దని చెప్పు, దీని మీద నా పేరుండాది.