‘కూడా’ మేడమ్

లిఫ్టులు తయారుచేసే ఆ కంపెనీ డిజైన్ గదిలో ఆడమనిషి ఆవిడొక్కతే. బయటివాళ్ళు ఎవరొచ్చినా మేనేజరుగారు ఆవిడ బల్ల దగ్గర ఆగి, “మా దగ్గర లేడీ ఇంజనీర్లు కూడా ఉన్నారండీ” అనేవారు. ఒక్క మనిషికి ఆ ‘ర్లు’ ఎందుకో ఎవరూ అడగలేదు. వచ్చినవాళ్ళు కుండీలో కొత్తరకం మొక్కను చూసినట్టు చూసి, “ఇంటిపనీ ఈ పనీ ఎలా నెట్టుకొస్తున్నారమ్మా?” అనేవారు. లిఫ్టు బ్రేకు డిజైను ఆవిడదే. దాని గురించి అడిగిన పాపాన ఒక్కరూ పోలేదు. పక్క బల్లల వాళ్ళు ఆవిడకి ‘కూడా మేడమ్’ అని పేరు పెట్టేశారు.

ఇంట్లో అత్తగారు విని, “కూడా ఏమిటమ్మాయ్, కూరగాయల మీద వేసే కొసరా నువ్వు?” అంది.

అంతలో డిజైన్ హెడ్ రిటైరయ్యాడు. అనుభవంలో తర్వాతి మనిషి తనే కాబట్టి ఆ కుర్చీ తనదేనని ఆవిడ ఆశపడింది. ఇంటర్వ్యూలో పెద్దమనుషులు గొంతు సవరించుకున్నారు.

“అర్ధరాత్రి లిఫ్టు ఆగితే సైటుకి ఎవరెళ్తారమ్మా?”

“ఇన్నేళ్ళూ వెళ్ళింది నేనేనండీ, ఇకముందూ నేనే వెళ్తాను.”

“మీవారు ఏమీ అనుకోరా?”

“ఆయన ఈ పోస్టుకి అప్లై చెయ్యలేదండీ.”

పెద్దమనుషులు నవ్వారు. ఆ నవ్వు ఆరకముందే సేల్స్ నుంచి ఒకాయన్ని తెచ్చి ఆ కుర్చీలో కూర్చోబెట్టారు. ఆయన నేరుగా ఆవిడ దగ్గరికొచ్చి, “మేడమ్, ఈ బ్రేకు ఎక్కేటప్పుడు పడుతుందా, దిగేటప్పుడా?” అని అడిగాడు.

ఆవిడ ముఖం చూసి మేనేజరుగారు మహిళా ప్రోత్సాహక సంఘం పెట్టి ఆవిడనే అధ్యక్షురాలిని చేశారు. సభ్యులెవరని అడిగితే, “ప్రస్తుతానికి మీరేనమ్మా” అన్నారు.

“పోన్లే, అందరూ నీ మాటే వింటారు” అంది అత్తగారు. మళ్ళీ తనే, “అయినా లిఫ్టులు చేసేది వాళ్ళొక్కరేనా?” అంది.

ఆ మాట ఆవిడ బుర్రలో నాటుకుపోయింది. ఇంకో కంపెనీకి దరఖాస్తు పెట్టింది. అక్కడ బ్రేకు గురించి గుక్క తిప్పుకోనివ్వకుండా అడిగి, హెడ్‌గా తీసుకున్నారు.

రాజీనామా చూసి మేనేజరుగారు నిజంగానే కంగారుపడ్డారు.

“ఇదేంటమ్మా, మీరు వెళ్ళిపోతే మా డిజైన్‌లో ఆడవాళ్ళే ఉండరు కదా?”

“హెడ్ కుర్చీ వేరేవాళ్ళకి ఇచ్చేటప్పుడు ఉన్నారుగా సార్” అంది ఆవిడ.