తాళాలు తెమ్మన్నాను

కారు తాళంచెవిని కారులోనే పెట్టి, బయటికి దిగి తలుపు బిగించినవాణ్ని నేను. ఇందులో ఇంకెవరి ప్రమేయమూ లేదు. ఉందేమోనని చాలా వెతికాను.

మేట్టుపాళయంలో ఒక గోడౌనులో నా ఉద్యోగం. వచ్చే లారీకి సీలు సరిగ్గా ఉందా, పోయే లారీలో పెట్టె ఏదైనా ఎక్కువగా పోతోందా అని చూడటం నా పని. అంటే, అనుమానపడటానికే నాకు జీతమిస్తారు. ఆ పని ఇరవై ఏళ్లుగా శ్రద్ధగా చేస్తున్నాను. ఆదివారాలు కూడా మానలేదు. ఈ గుణం నాకు మా అమ్మ నుంచి వచ్చింది. మా తాతలు ఎప్పుడో ఈ పుదుచ్చేరికి వచ్చి సేద్యం చేసుకున్న పొలాల్లో ఇప్పుడు మేడలు లేచాయి. అనుమానం మాత్రం సెంటు తగ్గకుండా నా చేతికొచ్చింది.

ఆ ఆదివారం పదకొండు గంటలకు మా అమ్మాయి పాట. పదేళ్ల పిల్ల, సంగీతం బడి వార్షికోత్సవంలో మొదటిసారి ఒంటరిగా పాడుతోంది. మా అమ్మకు చెవి మిషను లేకపోతే పక్కన పటాకులు పేలినా తెలియదు. ఆ మిషను పాడై పది రోజులుగా మరమ్మతులో ఉంది. ఆ పది రోజులూ ఇంట్లో ఎవరి పెదాలు కదిలినా అది తన గురించేనని ఆమె నమ్మకం. పొద్దున్నే నన్ను పిలిచి తేల్చి చెప్పింది.

"బిడ్డ పాట నాకు ఇనపడాల. మిషను రాకపోతే నేనూ రాను. నోరు తెరిచి మూసేది చూసేదానికి అంత దూరం దేనికి? టీవీ సౌండు తీసేసి ఇంట్లోనే చూసుకుంటా."

బాగుచేసేవాడి ఇంటికి వెళ్లి మిషను తీసుకున్నాను. చిన్న నీలం డబ్బాలో పెట్టి ఇచ్చాడు. "ఎండలో పెట్టకండి సార్, మళ్లీ నా దగ్గరికే వస్తుంది" అన్నాడు. అక్కణ్నుంచి నేరుగా ఇంటికి రావచ్చు. కానీ విల్లుపురం నుంచి మా బావమరిది వచ్చి ఉన్నాడు. అతనికి మధ్యాహ్నం వంజరం చేప కావాలి. అందుకని తేంగాయితిట్టు వైపు తిప్పాను. అక్కడ పడవలు చేరే రేవు, చేపల వేలం పాటలు.

ఓ పక్కన కారు ఆపాక నాకు ఒక సందేహం వచ్చింది. మరమ్మతువాడు అమ్మ మిషను ఉంచేసుకొని వేరేది అంటగట్టాడేమో? తాళంచెవి తీసి పక్క సీటు మీద పెట్టాను. డబ్బా తెరిచి, మిషను మీది నంబరును పర్సులోని పాత బిల్లుతో పోల్చాను. సరిపోయింది. అయినా ఇంకోసారి పోల్చాను. డబ్బా మూసి తాళంచెవి పక్కనే పెట్టాను. రేవులో జేబులు కొట్టేవాళ్లుంటారని పర్సు సీటు కిందికి తోశాను. చేపకు సరిపడా నోట్లు మాత్రం చొక్కా జేబులో ఉంచుకున్నాను. అద్దాలు పూర్తిగా ఎత్తాను. మాది పాత కారు, కీచుమనే బటన్లేవీ లేవు. లోపలి బొడిపె నొక్కి, బయటి పిడి ఎత్తిపట్టి తలుపు మూస్తే తాళం పడిపోతుంది. పడిందో లేదోనని మూడుసార్లు లాగి చూడటం నా అలవాటు. మూడోసారి లాగుతున్నప్పుడు అద్దంలోంచి లోపలికి చూశాను. కారుకు చెవి లోపలుంది. అమ్మకు చెవీ లోపలే ఉంది. సీటు మీద ఎండ అప్పుడే సగం దాకా పాకింది.

టైము తొమ్మిదిన్నర. కారుకు రెండో తాళంచెవి ఇంట్లో ఉంది, ఫోను జేబులోనే ఉంది కాబట్టి ఇంటికి చేశాను. ఇక్కడ నా రెండో తెలివితక్కువతనం గురించి చెప్పాలి.

మా ఇంట్లో తెలుగు మాట్లాడతాం గానీ చదవం. అక్షరాలు ఎవరికీ రావు. తాళాన్ని బీగం అంటాం, తాళంచెవిని తమిళం వాళ్లలాగే సావి అంటాం. రెండేళ్ల కిందట నాకు బుద్ధి పుట్టి ఒకటో తరగతి వాచకం తెప్పించుకొని చదవడం, రాయడం నేర్చుకున్నాను. నేర్చుకున్నవాడు ఊరుకోవాలి కదా. ఊరుకోలేదు. "బీగం కాదు, తాళం. సావి కాదు, తాళంచెవి" అని ఇంటిల్లిపాదినీ దిద్దడం మొదలుపెట్టాను. పోయిన పండక్కి బావమరిదిని వాళ్ల అత్తమామల ముందే దిద్దాను. అతను నవ్వేశాడు. ఆ నవ్వును నేను అప్పుడే అనుమానించాల్సింది.

ఫోను ఎత్తింది అతనే.

"ఒరేయ్, పూజగదిలో మేకుకు తాళాలు వేలాడుతుంటాయి. అవి తీసుకొని వెంటనే ఆటోలో తేంగాయితిట్టుకు రా."

"తాళాలా బావా?"

"తాళాలే."

"చేపలకాడ తాళాలతో ఏం పని బావా?"

జరిగింది చెబితే సాయంత్రానికి విల్లుపురమంతా తెలుస్తుంది. "నీకెందుకురా, తే!" అన్నాను.

"రెండూ తెచ్చేదా?"

"ఎన్నుంటే అన్ని తే!"

ఫోను పెట్టేసే ముందు సన్నగా ఏదో వినిపించింది. నవ్వులాగే ఉంది.

ఎదురుచూస్తూ కారు చుట్టూ తిరిగాను. ఒక్కో అద్దం దగ్గరా వంగి, నీడ కోసం చేతులు అడ్డుపెట్టి, ఎండ సీటు మీద ఎక్కడి దాకా వచ్చిందో చూస్తున్నాను. ఎదురుగా రొయ్యలు అమ్ముకుంటున్న ఆమె కాసేపు చూసి, తమిళంలో అందుకుంది.

"ఏమయ్యా, ఆ బండికి ఎన్ని ప్రదక్షిణలు మొక్కుకున్నావు?"

"నా కారేనమ్మా."

"నీదైతే ఎక్కు మరి."

"సావి లోపలుండిపోయింది."

"అందరూ అట్లాగే చెబుతారు" అని పక్కామె వైపు తిరిగింది. ఇద్దరూ తమ బుట్టల్ని కొంచెం దగ్గరికి లాక్కున్నారు.

అంతలో చొక్కా గుండీలు పెట్టుకోని ఒకాయన వచ్చి, ఇనుప స్కేలుంటే ఒక్క నిమిషంలో తీస్తానన్నాడు. ఇంత బాగా ఎక్కడ నేర్చుకున్నాడా అని నేను ఆయన వైపు చూశాను. చూపు అర్థమైందేమో, వెళ్లిపోయాడు. రొయ్యలామె మనసు మెత్తబడి, "మలుపులో సావిలు చేసే పెద్దాయనున్నాడు, ఫోను చేసేదా?" అని అడిగింది. ఆమెకు అందులో వాటా ఉంటుందనిపించింది. వద్దన్నాను. ఇంటి నుంచి వస్తున్నాయి కదా.

పది దాటి పది నిమిషాలకు వచ్చాయి. ఆటో ఆగింది. బావమరిది దిగాడు. రెండు చేతుల మధ్య ఎర్రగుడ్డ సంచి, ప్రసాదం పట్టుకున్నట్టు పట్టుకొని వస్తున్నాడు. అడుగు వేసినప్పుడల్లా సంచిలోంచి చిన్నగా 'ఝిం' అంటోంది.

ధనుర్మాసంలో వీధి భజనకు మా అమ్మ వాడే ఇత్తడి తాళాలు. జత.

"అడిగినట్టే తెచ్చినాను బావా. రెండూ."

"తాళాలంటే ఇవా రా?"

"మరేంది? సావి కావాలంటే సావి అనేది. నువ్వు మంచి తెలుగు మాట్లాడుతుంటివి, నేను మారు చెప్పేదేముంది?" అతని ముఖంలో అమాయకత్వం తప్ప ఏమీ లేదు. అంత అమాయకత్వం ఒకే ముఖంలో ఉండటం నాకు నచ్చలేదు.

మళ్లీ ఇంటికి వెళ్లి వచ్చే టైము లేదు. రొయ్యలామె వైపు తిరిగాను. నేను నోరు తెరవకముందే ఆమె ఫోను చేసేసింది.

సావిల పెద్దాయన మోపెడ్ మీద వచ్చాడు. ముందు కారు చుట్టూ తిరిగి చూశాడు, తర్వాత నా చుట్టూ. "బండి మీదేనా?" అన్నాడు.

"నాదే."

"కాగితాలు?"

"లోపలున్నాయి."

"లైసెన్సు?"

"పర్సులో ఉంది. పర్సు సీటు కింద."

"సీటు కింద" అని తనలో తనే అనుకున్నాడు. "ఆ నీలం డబ్బాలో ఏముంది?"

"మా అమ్మ చెవి" అన్నాను. మాట్లాడుతున్నది తమిళం కాబట్టి 'అమ్మ కాదు' అన్నాను. తమిళంలో చెవిని 'కాదు' అంటారు. పక్కన బావమరిది ఉన్నాడు కాబట్టి తెలుగులో, "కాదంటే కాదు కాదు, చెవి" అని వివరించాను. దాంతో పెద్దాయన రెండడుగులు వెనక్కి వేశాడు. నా చేతిలో భజన తాళాలు, కారులో తల్లి చెవి. ఆయన స్థానంలో నేనుంటే నాలుగడుగులు వేసేవాణ్ని.

"ఈయన మీకు తెలుసా?" అని బావమరిదిని అడిగాడు.

బావమరిది నన్ను కింది నుంచి పైదాకా చూసి, అక్కర్లేనంతసేపు ఆలోచించాడు. "చూసిన మొహమే" అన్నాడు.

చివరికి నన్ను కాపాడింది రొయ్యలామే. "తీసెయ్ పెద్దాయనా. దొంగైతే ఇంతసేపు చుట్టూ తిరగడు. వాళ్లకు పని తెలుసు."

పెద్దాయన తలుపు పైఅంచున సన్నటి చెక్క దూర్చి, దాని పక్కన చిన్న రబ్బరు సంచి పెట్టి గాలి కొట్టాడు. తలుపు వేలెడు సందు ఇచ్చింది. పొడవాటి కడ్డీ లోపలికి పంపి బొడిపెను పైకి లాగాడు. నేను ఊపిరి బిగబట్టి మళ్లీ వదిలేలోపు అయిపోయింది. ఇంత సులువా! మరి రాత్రిళ్లు మా ఇంటి ముందు కారుకు దిక్కెవరు? నా ముఖం చూసి ఆయనే అన్నాడు.

"లాకు మార్చుకోమని చెబుదామనుకున్నా. చెబితే నా మీదే అనుమానపడతారు. మీ మొహం అట్లా ఉంది."

చేతికిచ్చిన నోట్లను ఎండకేసి చూసి, సంచిలో పెట్టుకొని వెళ్లాడు. నాకు ఆయన చాలా నచ్చాడు.

నీలం డబ్బా అప్పుడే వేయించిన వేరుశెనక్కాయలా కాలుతోంది. ఏసీ గాలి తగిలేలా పట్టుకోమని బావమరిదికిచ్చి, చేప మాట మరిచిపోయి, అమ్మను నేరుగా బడి హాలుకే తీసుకురమ్మని ఇంటికి ఫోను చేసి, అటే పోనిచ్చాను. అతను ఒక చేతిలో డబ్బా, ఒళ్లో తాళాలతో కూర్చొని, గుంత వచ్చినప్పుడల్లా ఝిమ్మంటూ నవ్వు ఆపుకుంటున్నాడు.

మేం చేరేసరికి పదకొండుకు ఇంకా నాలుగు నిమిషాలున్నాయి. అమ్మ మొదటి వరుసలో చేతులు కట్టుకొని, మేడ వైపు కాకుండా వాకిలి వైపు చూస్తూ కూర్చుంది. వేదికను మేం మేడ అనే అంటాం. దీన్ని మాత్రం నేను ఇంకా దిద్దలేదు. మిషను తీసి చేతిలో పెట్టాను.

"నాదేనా ఇది? మార్చేసినాడేమో, నంబరు చూసినావా?"

"రెండు తూర్లు చూసినాను. అందుకేమ్మా ఆలస్యం."

"మంచి పని చేసినావు" అంది. ఆ పొద్దున నన్ను మెచ్చుకున్నది ఆమె ఒక్కతే.

చెవిలో పెట్టుకొని మీట తిప్పింది. ముఖంలో ఏమీ మారలేదు. ఎండ దెబ్బ తగిలిందన్నమాట. అమ్మాయి మేడెక్కి, గొంతు సవరించుకొని, మొదటి అక్షరం పట్టుకుంది. అమ్మ మెడ మెల్లగా ముందుకు సాగింది. తర్వాత మోకాలి మీద చెయ్యి లేచి, తనకు తెలియకుండానే దెబ్బలు వేయడం మొదలుపెట్టింది. పాట అయ్యేదాకా ఆ చెయ్యి ఒక్కసారి కూడా తప్పలేదు. అయిపోయాక నా వైపు వంగి, "నీ మాదిరి కాదు, మంచి గొంతు" అంది, హాలంతా వినేటట్టు.

ఇవతల కూర్చున్న నా భార్య నా చెవి దగ్గరికి వంగింది. "ఏమండీ, కారు సావి మీరేమన్నా టేబుల్ మీద పెట్టినారా?"

"ఏ సావి?"

"ఇంట్లో ఉండేది. ఎప్పుడూ పూజగది మేకుకే కదా, ఆ భజన తాళాల దారానికే కట్టి ఉండేది. ఈ పొద్దు చూస్తే టేబుల్ మీద పడుండాది. ఎవరు విప్పినారో."

నేను వెనక్కి తిరిగి చూశాను. రెండు వరుసల వెనక బావమరిది, చుట్టూ ఉన్నవాళ్లకు చేతులు తిప్పుతూ ఏదో చెబుతున్నాడు. వాళ్లు పొట్టలు పట్టుకొని నవ్వుతున్నారు. ఇరవై ఏళ్ల ఉద్యోగంలో నా అనుమానం ఇంత శుభ్రంగా రుజువు కావడం అదే మొదలు.

లేచి, మెల్లగా సంగీతం టీచరమ్మ దగ్గరికి వెళ్లాను. చివర్లో పిల్లలందరూ కలిసి పాడే మంగళం ఒక్కటే మిగిలుంది.

"అమ్మా, అదిగో ఆ నీలం చొక్కా ఆయన మా బావమరిది. తాళం వేయడంలో విల్లుపురంలో పెద్ద పేరు. తాళాలు సొంతంగా తెచ్చుకున్నాడు కూడా. సిగ్గు మనిషి, రానంటాడు. మీరు వదలొద్దు." పోతూ పోతూ, "మంగళం అన్ని చరణాలూ పాడించండి, మా అమ్మకు ఇష్టం" అని కూడా చెప్పాను.

టీచరమ్మ మైకులో పిలిచింది. హాలంతా చప్పట్లు కొట్టింది. ఇప్పటిదాకా అతని కథకు నవ్వినవాళ్లే అతన్ని లేపి ముందుకు తోశారు. నన్ను దాటుతూ గుసగుసగా బతిమాలాడు.

"బావా, నాకు తాళం రాదు బావా!"

"రాకపోవడమేందిరా, తెచ్చినావు కదా" అన్నాను.

ముప్పైమంది పిల్లల మధ్య మేడ మీద చతికిలబడి, అతను రెండు తాళాలూ ఒకదానికొకటి కొట్టడం మొదలుపెట్టాడు. పిల్లలు ఒక దారిన పోతున్నారు, ఇత్తడి ఇంకో దారిన పోతోంది. అమ్మ చెవి మీద చెయ్యి పెట్టుకొని, మీట కొంచెం తగ్గించి, గట్టిగా అడిగింది.

"ఎవుర్రా అది, బీగం ఏసినట్టు తాళం ఏస్తాండేది?"

బావమరిది నా వైపు దీనంగా చూశాడు. నేను మూడు వేళ్లెత్తి చూపించాను. ఇంకా మూడు చరణాలున్నాయి.