చిటపట నోరు మూసుకున్న రోజులు

కొందరికి కోపం ముక్కు మీద ఉంటుందంటారు. ఈ వెల్డరుకి ముక్కు దాకా కూడా అక్కర్లేదు, పెదవి మీదే కాపురం. షెడ్డులో అందరూ అతన్ని చిటపట అంటారు. ఆ పేరు వెల్డింగ్ రవ్వల వల్ల వచ్చిందని కొత్తవాళ్లు అనుకుంటారు గానీ, ఒక్క పూట పక్కన పనిచేస్తే చాలు, ఎందుకొచ్చిందో తెలిసిపోతుంది. ఇనుప చువ్వ వేలెడు పొట్టిగా తెగిందా, కోసినవాడి ఏడు తరాలనూ పేరుపేరునా పలకరించేవాడు.

అలాంటి మనిషి ఇరవై రోజులుగా నోరెత్తడం లేదంటే నమ్ముతారా?

కారణం కూతురు. పదిహేనేళ్ల పిల్ల. రక్తంలో క్యాన్సర్ అన్నారు, మందులకు లొంగడం లేదన్నారు, ఎముకల్లోని మూలుగ మార్చాల్సిందేనన్నారు. పిల్లతో సరిచూస్తే తల్లిదీ తండ్రిదీ చెరి సగమే కలిసింది. తల్లికి గుండెజబ్బు కాబట్టి తండ్రిది తీసుకుని ఎక్కించారు. ఆ కణాలు పిల్ల ఒంట్లో కుదురుకుని రక్తకణాల కౌంటు పెరిగిందని తెలిసిన రోజు, చిటపట షెడ్డంతా కలియతిరిగి, "నా రక్తంరా అది! ఊరికే పోతుందా?" అని ఛాతీ చరుచుకున్నాడు. అంత పొంగకపోయినా బాగుండేది.

ఇంటికొచ్చిన రెండు వారాలకు పిల్ల అరచేతులు కందిపోయాయి. తర్వాత అరికాళ్లు, మెడ. తోలు ఊడడం మొదలైంది. డాక్టరమ్మ చూసి నెమ్మదిగా చెప్పింది.

"ఇది మీరిచ్చిన కణాల పనేనండీ. వాటికి కొత్త చోటు కదా, పాప ఒంటిని పరాయిదనుకుని కొడుతున్నాయి. మందు పెంచుదాం. చాలామందికి సర్దుకుంటుంది. సర్దుకోకపోతే మాత్రం ప్రాణం మీదికొస్తుంది."

బయటికి రాగానే భార్య అంది: "మీ రక్తం కదా! ఎక్కడికెళ్లినా చెయ్యి చేసుకోకుండా ఉంటుందా?"

ఆ మాట అనే హక్కు ఆమెకుంది. జబ్బు బయటపడక ముందు, బడికి లేవలేనంటూ మంచం దిగని పిల్లను బద్ధకమనుకుని చెంప పగలగొట్టింది ఇతనే. పిల్ల చిగుళ్లలోంచి కారిన రక్తం ఎంతకీ ఆగలేదు. అది చూపించడానికి పోతేనే అసలు సంగతి తెలిసింది. "ఒకందుకు మంచిదే అయింది బావా, ఆ దెబ్బతోనే కదా జబ్బు దొరికింది" అని ఓదార్చబోయిన బావమరిది మీదికి కూడా లేచాడు. పాపం, అతను మళ్లీ ఈ గడప తొక్కలేదు.

తను చల్లబడితే పిల్ల ఒంట్లో ఆ కణాలూ చల్లబడతాయేమోనని చిటపటకు ఒక ఆలోచన పుట్టింది. సిగ్గు విడిచి డాక్టరమ్మను అడిగాడు కూడా.

"మీ కోపానికీ దీనికీ ఏ సంబంధమూ లేదండీ" అందామె.

తలూపాడు గానీ నమ్మలేదు.

ఆ రోజు నుంచి షెడ్డులో పల్లెత్తు మాట లేదు. పక్కవాడు అతికిన గేటు ఊడిపోతే, వాడు ఆ నింద తెచ్చి ఇతని నెత్తిన రుద్దాడు. ఓనరు అందరి ముందూ దులిపేశాడు. చిటపట కిక్కురుమనలేదు. "ఏంటి మామా, గ్యాస్ అయిపోయిందా?" అని కుర్రాళ్లు ఆటపట్టిస్తే, ముసుగు దించుకుని దాని వెనక పళ్లు కొరుక్కుంటూ అతుకులు వేశాడు. ఇంటికి రాగానే పొగ బట్టలు గుమ్మం బయటే విప్పి, మోచేతుల దాకా సబ్బుతో రుద్దుకుని, మాస్కు కట్టుకుని, ముందు పిల్ల అరచేతులు చూసేవాడు. ఎరుపు తగ్గుతోంది! "చూశావా?" అని భార్యతో అనబోయి మానుకున్నాడు. మందు పనిచేస్తోందంటుందని అతనికి తెలుసు.

ఇరవై ఒకటో రోజు ఆదివారం. పక్కింటాయన సరిగ్గా పిల్ల కిటికీ కిందే చెత్త పోగేసి అంటించాడు. పొగ గదిలోకి కొట్టింది, పిల్ల ఉక్కిరిబిక్కిరై దగ్గింది. ఇంకేం ఆగుతాడు! ఇరవై రోజులు మింగిందంతా ఒక్కసారిగా కక్కేశాడు. వీధంతా గుమ్మాల్లోకి వచ్చి చూసింది. పక్కింటాయన మంట మీద బకెట్టెడు నీళ్లు కుమ్మరించి తలుపేసుకున్నాడు. లోపలికి రాగానే చిటపట ముందు పిల్ల అరచేతులు చూశాడు.

మర్నాటికి పిల్ల మోచేతుల మీద కొత్త మచ్చలు లేచాయి. మూడు రోజుల కిందటే డాక్టరమ్మ మందు తగ్గించిన సంగతి అతనికి గుర్తు లేదు. ఉన్నా లెక్కచేసేవాడు కాదు. భార్య ముందు గదిలో ఆసుపత్రికి ఫోన్ చేస్తుంటే, అతను ఆయింట్‌మెంట్ పట్టుకుని మంచం పక్కన కూలబడ్డాడు.

"నా వల్లేనమ్మా ఇది. నోరు అదుపులో పెట్టుకుందామనుకున్నా. నిన్న జారింది. నా రక్తం మళ్లీ నీ మీద విరుచుకుపడింది."

"అందుకా ఇన్నాళ్లూ మూగనోము పట్టావు?" పిల్ల నవ్వబోయింది. పెదవి చిట్లి మానేసింది. "రక్తానికేం తెలుసు నాన్నా? అది నన్నెప్పుడైనా చూసిందా? పరాయిదాన్ననుకుని కొడుతోంది."

"అంతేనమ్మా, అంతే" అన్నాడు ఆశగా.

"నువ్వు మాత్రం నేనెవరో తెలిసే కొట్టావు."

ముందు గదిలో భార్య మచ్చలెన్ని ఉన్నాయో ఎవరికో చెబుతోంది.

"తెలిసే కొట్టానమ్మా" అన్నాడు చివరికి.

పోనీలే నాన్నా అని పిల్ల అనలేదు. "ఇక్కడ మండుతోంది, ముందు ఇక్కడ రాయి" అని మోచెయ్యి చాపింది. అతను అప్పటికే రెండుసార్లు కడుక్కున్న చేతులు మళ్లీ కడుక్కోవడానికి లేచాడు.