ఎడమ చెయ్యి ఎత్తిన పిల్లలు

పాతికేళ్ళకు పైగా ఒక విషయం కడుపులో దాచుకుని తిరుగుతున్నాను. మా ఆయనకు చెప్పలేదు. కన్న కూతురికి చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు, అందుకే మీకు చెప్పడం కాస్త సులువు. మొదలుపెట్టే ముందు ఒక మాట. నేను మంచి టీచర్ని. గొప్పలు చెప్పుకుంటున్నానని మీరనుకుంటే, అవును, చెప్పుకుంటున్నాను. బెంగళూరులో ఏ మూలకు వెళ్ళినా ఎవరో ఒకరు బండి ఆపి పలకరిస్తారు. లెక్కలంటే ఏడ్చి పారిపోయే పిల్లలు నా క్లాసు అయిపోయినా కదిలేవాళ్ళు కాదు. ఇందులో ఒక్కటీ అబద్ధం లేదు. అబద్ధం వేరే చోట ఉంది.

మాది యలహంక పాత ఊరు. తాతల కాలంలోనే హిందూపురం వైపు నుంచి వచ్చి స్థిరపడ్డాం. నాన్న నగర్తపేటలో ఒక చిన్న కార్ఖానాలో గుండీలు చేసేవాడు. ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనే మొదట. నేను బీఎడ్ చదివిన యూనివర్సిటీలో ఒక స్కాలర్‌షిప్ ఉండేది. బట్టల వ్యాపారుల కుటుంబం ఒకటి, టీచరుగా పనిచేసిన తమ అవ్వ పేరు మీద శాశ్వత నిధి పెట్టింది. టీచరు కావడానికి చదివేవాళ్ళలో ఏడాదికి ఒక్కరికి ఖర్చంతా ఆ నిధే భరిస్తుంది. మార్కులు చూడరు. అదే దాని గొప్ప. నిజమైన బడిలో నిజమైన పిల్లలకు పాఠం చెప్పి గెలవాలి. ప్రొఫెసర్లతో పాటు ఆ కుటుంబంలోని పెద్దాయన కూడా వచ్చి వింటాడు. గెలిచినవాళ్ళ పేరు డిపార్ట్‌మెంటు గోడ మీది బోర్డులోకి ఎక్కుతుంది.

ఆ ఏడాది చివరికి ఇద్దరం మిగిలాం. నేను, సునీత. వాళ్ళది ఒంగోలు, వాళ్ళమ్మ నర్సు. మడివాళలో పీజీ హాస్టల్లో ఉండేది, ఆదివారాలు చర్చిలో పిల్లలకు కన్నడ పాటలు నేర్పేది. నాకు ప్రాణ స్నేహితురాలని అందరికీ చెప్పుకునేదాన్ని. ఎంత సులువుగా చెప్పుకునేదాన్నో!

ఒక కన్నడ మీడియం ప్రభుత్వ బడిలో, ఐదో తరగతికి, భిన్నాల పాఠం. ముందు నేను. తర్వాత అదే పిల్లలకు సునీత.

ముందు రోజు చార్టులు తగిలించుకుంటానని ఆ తరగతికి వెళ్ళి, పిల్లలకు ఒక ఉపాయం నేర్పాను. ఇన్‌స్పెక్టరు వచ్చే రోజున కొందరు పాత టీచర్లు వాడేదే. ప్రశ్న అడగ్గానే అందరూ చెయ్యెత్తాలి. జవాబు తెలిస్తే కుడి చెయ్యి, తెలియకపోతే ఎడమ చెయ్యి. ఎడమ చెయ్యి ఎత్తినవాళ్ళను లేపరు, భయపడకండి అని ఒట్టేసి చెప్పాను. చిన్నప్పుడు మా టీచరు మాకూ ఇదే నేర్పింది. నేనెప్పుడూ కుడి చెయ్యే ఎత్తేదాన్ని. ఉన్నమాట చెప్పుకోవాలి కదా.

మర్నాడు ప్రశ్న అడగడం ఆలస్యం, గదంతా చేతులే. పెద్దాయన ముఖం వెలిగిపోయింది. నేను కుడి చేతులనే ఏరి ఏరి లేపాను. అందరూ టకటకా చెప్పారు. పాఠం అయ్యాక వెళ్ళి వెనక బెంచీలో కూర్చున్నాను.

సునీత సంచిలోంచి మల్లెపూల దండ తీసింది. మన దగ్గర పూలు మూరల లెక్కన అమ్ముతారు కదా, మోచేతి నుంచి వేలి కొస దాకా. ఒక పొడుగు పిల్లాడి చేత ఒక మూర, ఒక చిట్టి పిల్ల చేత ఒక మూర కొలిపించి తుంచింది. రెండిటినీ మళ్ళీ సగానికి తుంచింది. రెండూ సగం మూరలే కదా, మరి సమానంగా ఎందుకు లేవు అని అడిగింది. నా ఒళ్ళు ఝల్లుమంది. భిన్నాల గుట్టంతా ఆ ఒక్క ప్రశ్నలో ఉంది. నా చార్టుల్లో ఎక్కడా లేదు.

గదంతా చేతులు లేచాయి. నేను పెట్టిన నియమం ఇద్దరు టీచర్లకూ అనుకున్నారు పాపం పిల్లలు. సునీతకు ఆ సంగతి తెలియదు. మంచి టీచరు చేసే పనే చేసింది. ముందు బెంచీల్లో ఎగిరెగిరి పడుతున్నవాళ్ళను వదిలేసి, గోడ పక్కన ముడుచుకుని కూర్చున్న పిల్లను లేపింది. ఆ పిల్ల ఎత్తింది ఎడమ చెయ్యి. నోరు విప్పలేదు. ఇంకొకణ్ణి లేపింది, వాడూ అంతే. ఆ తర్వాత లేచిన పిల్ల సునీత వైపు చూడనే లేదు. తిరిగి నా వైపు చూసింది, లేపరన్నారు కదా అన్నట్టు. నేను తల దించుకుని ఏదో రాసుకుంటున్నట్టు నటించాను. సునీత ఆ ప్రశ్ననే మళ్ళీ మళ్ళీ అడిగింది. ప్రొఫెసర్లు ముఖాలు చూసుకున్నారు.

అప్పుడే లేచి నిజం చెప్పి ఉండొచ్చు. ఎందుకు చెప్పలేదు? భయమా? ఇన్నేళ్ళూ నాకు నేను భయమనే సర్దిచెప్పుకున్నాను. భయం కాదు. ఆ పూలదండ చూడగానే నేను ఓడిపోయానని నాకు తెలిసిపోయింది, ఓడిపోవడం నాకు అలవాటు లేదు, పైగా నా చేత్తో నేనేమీ చెయ్యకుండానే ఆమె ఓడిపోతుంటే ఆపబుద్ధి కాలేదు. చేసిందంతా నిన్ననే చేసేశాను కదా.

సాయంత్రం బస్టాపులో సునీత అడిగింది.

"పిల్లలు నీకు అన్నీ చెప్పారు కదే. నా దగ్గరే ఎందుకు నోరు విప్పలేదు? నాలో ఏముంది తప్పు?"

"ఏమోలే సునీతా. కొందరికి పిల్లోళ్ళు పలుకుతారు, కొందరికి పలకరు. అది నేర్చుకుంటే వచ్చేది కాదు."

ఉపాయం కన్నా ఈ మాటే పెద్ద తప్పు. ఆమె నన్ను నమ్మింది. నెల తిరక్కుండా కోర్సు మానేసింది. మడివాళలోనే ఒక ఆస్పత్రి కౌంటరులో ఉద్యోగానికి చేరింది. నా పేరు బోర్డులోకి ఎక్కింది. నాన్న నగర్తపేట నుంచి తోటి పనివాళ్ళను వెంటబెట్టుకొచ్చి, "మా పాప టీచరమ్మ అయితాదప్పా, గోడ మీద పేరు రాసినారు చూడండి" అని చూపించాడు. ఆయన కళ్ళలో ఆ వెలుగు ఇప్పుడు తలుచుకున్నా నా ఛాతీ పొంగుతుంది. సిగ్గుపడాల్సిన చోట గర్వం ఎలా వస్తుందని అడగకండి. వస్తుంది. రెండూ ఒకే చోట కాపురముంటాయి.

నా తరగతిలో మాత్రం ఆ ఉపాయం మళ్ళీ ఎప్పుడూ వాడలేదు. తెలియదని ధైర్యంగా చెప్పిన పిల్లను మెచ్చుకునేదాన్ని. ప్రాయశ్చిత్తం అనుకునేదాన్ని. ఎవరికి చెయ్యాల్సింది ఎవరికి చేశాను?

పోయిన నెల సునీత ఫోన్ చేసింది. పండగలకు పలకరించుకోవడం తప్ప మా మధ్య మాటలు పెద్దగా లేవు. వాళ్ళమ్మాయి బీఎడ్‌లో చేరి అదే స్కాలర్‌షిప్‌కు పోటీ పడతానంటోందట. నీ మాటైతే వింటుంది, నువ్వే వద్దని చెప్పు, మా రక్తంలోనే అది లేదు అంది. ఆ మాట మామూలుగా అంది, మా ఇంట్లో షుగరు ఉందన్నట్టు. నేను బస్టాపులో అన్న మాట ఆమె ఇంట్లో ఇన్నేళ్ళు బతికి, ఇప్పుడు ఆ పిల్ల దాకా వచ్చింది.

మర్నాడే ఆస్పత్రికి వెళ్ళాను. క్యాంటీన్‌లో కూర్చోబెట్టి అంతా చెప్పాను. కుడి చెయ్యి, ఎడమ చెయ్యి, నా వైపు చూసిన పిల్ల, బస్టాపు. సునీత ఏడవలేదు, తిట్టలేదు. కాఫీ గ్లాసు పక్కకు జరిపింది. తలెత్తి, "అదంతా సరే. ఆ రోజు నా పాఠం ఎలా ఉంది? అది చెప్పు" అంది.

చేసిన మోసం ఒప్పుకోవడానికి నాకు ఇంత కష్టం అనిపించలేదు. ఎన్ని పాఠాలు చెప్పాను, ఎంతమంది పిల్లల్ని చూశాను, నన్ను మించినవాళ్ళు ఉన్నారని ఒక్కరి ముందైనా ఎప్పుడైనా అన్నానా?

"నాకన్నా బాగా చెప్పినావు" అన్నాను.

సునీత నన్నే చూసింది. క్షమించానని అనలేదు. కూతురి సంగతీ ఎత్తలేదు. మెడలో ఉన్న కార్డు సరిచేసుకుని లేచి కౌంటరు దగ్గరకు వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఫోన్ చెయ్యలేదు. చెయ్యకపోవచ్చు.

నేను మంచి టీచర్ని. నాకన్నా మంచి టీచరు ఒకామె మడివాళలో ఆస్పత్రి చీటీలు రాస్తోంది, నా వల్ల. ఈ రెండో వాక్యం రాయడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది. రాశాక ఊపిరి కాస్త తేలిగ్గా ఆడుతోంది.