సైలెన్సర్‌లో జాలీ తీయించిన ముచ్చట

నాకు మోటార్ సైకిల్ నడపడం చేతకాక మా వాడ నేతగాడు అయిలయ్య మామ పడుగులోకి దూరానని మా చుట్టాలు ఇప్పటికీ ప్రతి పెళ్లిలోనూ చెబుతారు. పచ్చి అబద్ధం. బండి నాకు బ్రహ్మాండంగా వచ్చు. ఆ పొద్దున వరంగల్‌లోని మా వాడ అల్లకల్లోలమైంది నా డ్రైవింగ్ వల్ల కాదు, నా బండి గొంతు వల్ల. వినండి.

అప్పుడు నాది డిగ్రీ రెండో ఏడు. అన్నయ్యకు వేరే ఊళ్లో ఉద్యోగం రావడంతో అతని బండి నా చేతికొచ్చింది. దాని చప్పుడు జలుబు చేసిన పిల్లిలా ఉందని మెకానిక్‌ను పోరి, సైలెన్సర్ లోపల చప్పుడును అణిచే జాలీ తీయించాను. ఆహా! ఆ డగడగకు నా పక్కటెముకలు కూడా తాళం వేసేవి. కాలేజీ గేటు దగ్గర లెక్చరర్లు సైతం దారి ఇచ్చేవారు!

మా వాడలో నేతవాళ్లు తెల్లారగానే వీధి పొడవునా పడుగు, అంటే మగ్గానికెక్కించే నిలువు పోగులు, కర్రల మీద చాపి, నూలుకు కుంచెతో గంజి పట్టిస్తారు. ఒకరోజు అయిలయ్య మామ నన్ను ఆపాడు.

"బిడ్డా, గా చప్పుడుకు మా చేతులు వణుకుతానయ్. పడుగు ఖరాబైతే మగ్గం ఆగుతది. మగ్గం ఆగితే మా పొయ్యి ఆగుతది."

"పడుగు దాటేదాక ఇంజన్ బంద్ చేసి నెట్టుకపోత. సరేనా మామా?"

"గట్ల జెయ్యి, నీకు పుణ్యముంటది."

మర్నాడు మాట నిలబెట్టుకున్నాను. బస్తాలు లాగే హమాలీలా ఆయాసపడుతూ బండిని నెట్టాను. బండి పడుగు చివరి కర్రను దాటింది. ఒప్పందం అయిపోయినట్టే కదా? ఒక్క అంగుళం కూడా వృథా చేయకుండా అక్కడే కిక్కు కొట్టాను.

ఢాం!

పక్కనే కట్టేసి ఉన్న బర్రె గుంజతో సహా లేచింది. తడి పడుగు మధ్యలోంచి దూసుకుపోయి అటు చివర తేలేసరికి, కొమ్ములకు నూలు వేలాడుతూ, మెడ నిండా గంజి కారుతూ, పెళ్లికి ముస్తాబైనట్టుంది.

"ఏం జేసినవే పిల్లా!" అంటూ మామ భార్య లచ్చవ్వ కుంచెతోనే నా మీదికొచ్చింది.

"నేనేం జేసిన అత్తా? పడుగు దాటినంకనే కిక్కు కొట్టిన. తొక్కింది బర్రె. దాన్నడుగు!"

"అడుగుత. బర్రె ఎవలదే?"

నేను బండి అద్దం తుడవడం మొదలుపెట్టాను. బర్రె మాది.

పాలచెంబుతో బయటికొచ్చిన మా అమ్మ తీర్పు చెప్పింది: "ఇద్దర్ని ఒక్క గుంజకే కట్టెయ్యాలె!"

ఆ సెలవులన్నీ అయిలయ్య మామ ఇంట్లో కూర్చుని తెగిన పోగులు అతికాను. పోగు అతకడమంటే చీమకు జడ వేయడమే. చివరికి మగ్గం మళ్లీ ఆడింది. నా సైలెన్సర్‌లోకి జాలీ తిరిగొచ్చింది.

ఆ తర్వాత మొదటిసారి బండి మీద పిల్లగాలిలా వీధిలోకి వచ్చాను. గంజి పట్టిస్తూ వెనక్కి నడుస్తున్న లచ్చవ్వ అత్త నన్ను చూసి ఎగిరిపడింది.

"దొంగలెక్క వస్తవేందే? జర చప్పుడన్న చెయ్యరాదు!"

అందుకే, సైలెన్సర్ మీద చెయ్యి పెట్టి (చల్లారాకే లెండి) సర్వజనుల ముందు ప్రమాణం చేస్తున్నాను: ఇంకెప్పుడూ ఏ బండి గొంతూ విప్పను. కానీ, బర్రె బెదరకుండా, అత్త ఉలిక్కిపడకుండా, నా హుషారు చావకుండా ఉండాలంటే బండి ఎంత చప్పుడు చేయాలి? ఇన్నేళ్లయినా చెప్పేవాళ్లు దొరకలేదు. మీకేమైనా తెలుసా?